39 ఏళ్ల జీవితం, సముద్రాల నిండా వెలుగు: లైట్‌హౌస్ లెన్స్ చేసిన ఫ్రెనెల్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్లలో ఎక్కడున్నా సముద్రం చూడాలంటే బస్సో రైలో ఎక్కాల్సిందే. అలాంటప్పుడు లైట్‌హౌస్‌తో మనకేం పని అనిపించొచ్చు. కానీ చూపు తగ్గిన పెద్దవాళ్లు ఖురాన్ పేజీ మీద పెట్టుకుని చదివే పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది కదా, దాన్ని వేలితో తడిమి చూడండి. గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నటి గీతలు తగులుతాయి. చాలా సెల్‌ఫోన్ల ఫ్లాష్ మీద కూడా అవే గీతలు. ఈ ఉపాయాన్ని లైట్‌హౌస్ కోసం తయారుచేసి లోకానికి ఇచ్చినాయన అగస్టిన్ జాన్ ఫ్రెనెల్.

ఫ్రాన్స్‌లోని నార్మండీలో, బ్రోలీ అనే ఊళ్లో 1788 మే 10న పుట్టాడు. తండ్రి భవనాలు కట్టించే ఆర్కిటెక్ట్. ఫ్రెంచి విప్లవం గొడవల్లో కుటుంబం కాన్ పట్టణం దగ్గర మాథ్యూ అనే పల్లెకు చేరింది. తల్లిదండ్రులకు దైవభక్తి ఎక్కువ, కొడుక్కీ అదే వచ్చింది. పిల్లాడు మాత్రం చదువులో మందం. ఎనిమిదేళ్లొచ్చినా సరిగా చదవడం రాలేదు. ఆటబొమ్మల విల్లులు మాత్రం ఎంత గట్టిగా చేసేవాడంటే, దెబ్బలు తగులుతాయని పెద్దవాళ్లు వాటిని ఆపించారట. మన ఇళ్లలోనూ మార్కులు రాని పిల్లలు ఉంటారు, వాళ్లను తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

తర్వాత పారిస్‌లో ఇంజినీరింగ్ చదివి ప్రభుత్వ రోడ్ల ఇంజినీరయ్యాడు. ఊరూరా తిరిగి రోడ్లు వేయించడం ఉద్యోగం, వెలుగు ఎలా నడుస్తుందో ఆలోచించడం ఇష్టం. 1815లో నెపోలియన్ మళ్లీ అధికారంలోకి వచ్చినప్పుడు ఎదురు నిలబడ్డాడు. ఉద్యోగం పోయింది, పోలీసు నిఘా మొదలైంది. తల్లి ఉన్న మాథ్యూకు వెళ్లి కూర్చున్నాడు. చేతిలో పరికరాల్లేవు. రేకుకు చిన్న చిల్లు పెట్టి, అందులో తేనె బొట్టు వేసి, దాన్నే లెన్స్‌గా వాడాడు. మిగతా సామాను ఊళ్లో తాళాలు చేసే పనివాడి చేత చేయించుకున్నాడు.

వెలుగు అలల్లా నడుస్తుందని ఆయన వాదం. అప్పటి పెద్ద పండితులు చాలామంది ఒప్పుకోలేదు. 1818లో సైన్స్ అకాడమీ పోటీకి ఆయన పంపిన లెక్కల్ని చూసి పాయిసన్ అనే గణిత పండితుడు ఒక మెలిక పెట్టాడు. ఈ లెక్కే నిజమైతే గుండ్రటి బిళ్ల నీడకు సరిగ్గా మధ్యలో వెలుగు చుక్క కనిపించాలి, నీడలో వెలుగు ఉంటుందా? అరాగో అనే శాస్త్రవేత్త పరీక్ష చేసి చూశాడు. చుక్క ఉంది! 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే వచ్చింది.

అదే ఏడాది అరాగో ఆయన్ను లైట్‌హౌస్‌ల కమిషన్‌లోకి తెచ్చాడు. అప్పట్లో దీపం వెనుక మెరుగు పెట్టిన లోహపు అద్దం ఉండేది. దాని మీద పడిన వెలుగులో దాదాపు సగం అక్కడే పోయేది. నేను చదివింది కామర్స్ కాబట్టి నాకు అర్థమయ్యే లెక్కలో చెప్తాను: నూరు రూపాయల సరుకులో యాభై దారిలోనే పాడైనట్టు. ఆ నష్టం ఓడలవాళ్ల ప్రాణాల మీదికి వచ్చేది. దీపం మసగ్గా ఉంటే రాతిదిబ్బ కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

గాజు లెన్స్ పెడదామంటే, అంత పెద్ద లెన్స్ మధ్యలో మరీ మందమవుతుంది, బరువు మోయలేం, ఆ మందంలోనే వెలుగు తగ్గిపోతుంది. ఫ్రెనెల్ చూసింది ఇదీ: వెలుగును వంచేది గాజు పైనున్న వంపు మాత్రమే. లోపలి గాజు ఉత్త బరువు, అది తీసేద్దాం. మధ్యలో ఒక గుండ్రటి లెన్స్, దాని చుట్టూ మెట్లు మెట్లుగా గాజు వలయాలు. ఒక్కో వలయం వంపు వేరు, కానీ అన్నీ దీపపు వెలుగును పట్టి ఒకే దిక్కుకు పంపుతాయి. నష్టం ఇరవయ్యో వంతుకు పడిపోయింది. ఇలాంటి ఆలోచన బుఫోన్‌కు ముందే వచ్చిందని తెలిసింది గానీ, ముక్కలు ముక్కలుగా గాజు కోయించి సముద్రం మీద పని చేసేలా నిలబెట్టింది ఈయనే.

1823 జూలైలో జిరోండ్ నది సముద్రంలో కలిసేచోట, కోర్డువాన్ లైట్‌హౌస్‌లో మొదటిది వెలిగింది. ఎనిమిది పలకల గాజు గూడు దీపం చుట్టూ మెల్లగా తిరుగుతుంది. ఒక్కో పలక ఓడకు ఎదురొచ్చినప్పుడు ఒక మెరుపు, తర్వాత చీకటి. ఇరవై మైళ్లకు పైగా కనిపించేది. మెరుపుల మధ్య వ్యవధిని లెక్కపెట్టి అది ఏ లైట్‌హౌసో ఓడలవాళ్లు పోల్చుకోవచ్చు. దగ్గర్నుంచి చూస్తే ఈ గూడు ఒక పెద్ద ఝూమర్ లాగే ఉంటుంది. ఎండ తగిలితే అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు ఆడతాయి. అందం కోసం చేసింది కాదు, పని కోసం కోసిన గాజు అలా అందంగా వచ్చింది.

మనవాళ్ల పాత్ర కూడా చెప్పాలి. వెలుగు గాజులో ఎలా వంగుతుందో బగ్దాద్‌లో ఇబ్న్ సహల్ 984లోనే రాశాడు. ఆ తర్వాత ఇబ్నుల్ హైసమ్ కితాబుల్ మనాజిర్ రాశాడు. అలాగని అన్నీ మనమే ముందు కనిపెట్టాం అని వాట్సాప్‌లో తిప్పడం నాకు నచ్చదు. ఫ్రెనెల్ చేసింది ఫ్రెనెల్‌దే. ఇంకో సంగతి, మన మసీదు మీనార్ అన్న మాట అరబ్బీ మనారా నుంచి వచ్చింది. వెలుగు ఉండే చోటని దాని అర్థం, లైట్‌హౌస్‌కూ అదే మాట.

ఫ్రెనెల్‌కు క్షయ. రక్తం పడడం మొదలయ్యాక మిగతా పనులు తగ్గించుకున్నాడు, లైట్‌హౌస్‌లను మాత్రం వదల్లేదు. లండన్ రాయల్ సొసైటీ ఇచ్చిన రమ్‌ఫర్డ్ పతకాన్ని అరాగో తెచ్చి చేతికిచ్చేసరికి ఆయన చివరి రోజుల్లో ఉన్నాడు. 1827 జూలై 14న కన్నుమూశాడు. తమ్ముడు లియోనార్ లైట్‌హౌస్‌ల పని అందుకున్నాడు. 1851 నుంచి ఇంగ్లండ్‌లో ఛాన్స్ బ్రదర్స్ కంపెనీ ఈ లెన్స్‌లు తయారుచేసి దేశదేశాలకు పంపింది.

మన ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా ఇక్కడి భూమి తగాదాల అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకే పోయేవి. ఆ కోర్టు గుమ్మటం మీదే 1894 నుంచి 1977 దాకా నగరం లైట్‌హౌస్ వెలిగింది. కోర్టు పని మీద వెళ్లిన మన తాతలు ఆ మెరుపు చూసే ఉంటారు. ఓడలో హజ్‌కు వెళ్లినవాళ్లు ముంబై దాటుతూ 1875 నాటి ప్రాంగ్స్ లైట్‌హౌస్ చూసుంటారు. 1995 దాకా ఓడల్లో హజ్ ప్రయాణం ఉండేది కాబట్టి, అలా వెళ్లొచ్చిన హాజీలు మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి. పిల్లలకు చూపించాలంటే చెన్నై మెరీనా లైట్‌హౌస్ దగ్గర. 2013లో మళ్లీ జనానికి తెరిచారు, లిఫ్ట్ కూడా ఉంది.