రాజ్యమునకు ఆయువుపట్లు: సాళువ నరసింహరాయలు

ఏ రాజ్యమునకైనను కొన్ని యాయువుపట్లుండును. అవి చెడినచో తక్కినవెన్ని యున్నను నిష్ప్రయోజనము. వానిని గుర్తెరిగి కాపాడ యత్నించిన ప్రభువులలో మన చంద్రగిరి సాళువ నరసింహరాయలను ముందుగా స్మరింపవలెనని మా తలంపు.

విజయనగర చక్రవర్తులకు లోబడి చంద్రగిరి సీమ నేలిన యీయన పేరు 1456 మొదలు తిరుమల శాసనములలో కానవచ్చును. యాత్రికులకు అన్నము పెట్టుటకై ఈయన రామానుజకూటములను నెలకొల్పెను. ఆ శతాబ్దమున శ్రీవారికి భక్తులర్పించిన ద్రవ్యముతో దేవస్థాన గ్రామములందు చెరువులు, కాలువలు త్రవ్వించి, హెచ్చిన ఫలసాయముతో నైవేద్యములు జరిపెడివారు. ఈ సీమకు నీరే ప్రాణమని వారెరుగుదురు.

1485లో సంగమ వంశము దుర్బలమై యుండగా నరసింహరాయలు సింహాసనము నాక్రమించెను. ఇది స్వామిద్రోహమని కొందరందురు. ఆ నిందను మేము త్రోసిపుచ్చము. కాని నాటి రాజ్యస్థితిని గూడ చూడవలెను. తూర్పున గజపతులు చొచ్చుకొని వచ్చిరి. పడమట గోవా రేవు 1472లోనే బహమనీల వశమయ్యెను. సేనకు గుర్రమే బలము; మేలుజాతి గుర్రము సముద్రముమీద రావలసినదే. రాయలు హోర్ముజు, ఏడెను రేవులనుండి గుర్రములను రప్పించి, మూడింటికి వేయి వరహాల చొప్పున కొనెననియు, నడిసముద్రమున చచ్చిన గుర్రమునకు తోక చూపినను వెల యిచ్చెననియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ తరువాతి కాలమున వ్రాసెను. నష్టభయమును రాజే తన నెత్తిన వేసుకొనగా వర్తకులు వెనుదీయలేదు.

1491లో అవసానకాలమున, తాను సాధింపలేకపోయిన రాయచూరు, ఉదయగిరి, కొండవీడు దుర్గములను స్వాధీనపరచుకొనుమని సేనాని నరసా నాయకునకు అప్పగింత పెట్టెనని నూనిజే తెలుపుచున్నాడు. సాళువుల యేలుబడి 1505లో ముగిసెను. ఆ పట్టిక మాత్రము మిగిలెను. నరసా నాయకుని కుమారుడు శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని, 1520లో రాయచూరును గెలిచి దానిని నెరవేర్చెను.

నేడు విద్యుత్తు, రైలుమార్గము, తంతివార్తల స్థానమున వచ్చిన నూతన యంత్రజాలము దేశమునకు ఆయువుపట్లైనవి. అయినను చెరువుకట్ట నాటివలెనే నేడును ఆయువుపట్టే. 2021 నవంబరు వానలలో తిరుపతి చెంతనున్న రాయలచెరువు కట్టకు ఊట పుట్టగా, దిగువ గ్రామముల జనులు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. ఆ దినములలోనే చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి ప్రాణనష్టము కలిగెను.

గండి పడిన పిదప కట్టను వెదకుట పాలన కాదు. ఏ కట్ట బలహీనమో, ఏ తూము శిథిలమో, ఏ కలుజు పూడినదో, ఏ వంక ఆక్రమణపాలైనదో ప్రతి గ్రామమున వానకు ముందే పట్టిక వేయవలెను. అది ప్రభుత్వమునకెంత విధియో, ఆయకట్టు రైతులకును అంత విధియే.