విశ్వదాత వ్యాపారం

మంగళగిరి కొండపై వెలసిన పానకాలస్వామి భక్తులు సమర్పించే పానకంలో సగం మాత్రమే స్వీకరించి, తక్కిన సగాన్ని ప్రసాదంగా వారికే విడిచిపెడతాడని ప్రతీతి. ఆ మెట్లు ఎక్కినప్పుడల్లా నాకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గుర్తుకు వస్తారు. సరుకు కొన్నవారి నుండి వచ్చిన ధనాన్ని అంతా తానే దాచుకొనక, ఏదో ఒక రూపంలో తిరిగి ఆ జనానికే చేర్చిన వర్తకుడాయన.

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో శ్యామలాంబ, బుచ్చయ్య దంపతులకు జన్మించారు. మచిలీపట్నంలో చదువుకొని, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాల నుండి పట్టభద్రులయ్యారు. పట్టా చేతికి రాగానే సర్కారు కొలువు కోసం పరుగులు తీసే కాలమది. ఆయన మనస్సు మాత్రం వ్యాపారం వైపు మొగ్గింది. మద్రాసులో కొంతకాలం వర్తకపు మెలకువలు గ్రహించారు. కలకత్తాలో ఔషధాల తయారీ నేర్చుకొన్నారు. తుదకు బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీలో ఉద్యోగిగా ప్రవేశించి, అనతికాలంలోనే ఆ సంస్థకు యజమాని అయ్యారు. ఒకరి కింద పనిచేసిన అనుభవంతో యజమాని పీఠం ఎక్కడం సామాన్యమైన లాభం కాదని నా అభిప్రాయం.

1893లో ఆయన బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. పసుపుపచ్చని రంగు, ఘాటైన వాసన గల ఆ లేపనాన్ని అప్పటికి ఎరిగినవారు లేరు. పేరు తెలియని మందును డబ్బు పెట్టి ఎవరు కొంటారు? నాగేశ్వరరావు దానిని సంగీత సభలకు పట్టుకొనివెళ్ళి శ్రోతలకు ఉచితంగా పంచిపెట్టారు. ఇది పైకి దుబారాగా తోచవచ్చు. కాని, గంటల తరబడి కచేరీలో కూర్చున్నవాడు నుదుటికి కాస్త రాసుకొంటే, దాని గుణమేమిటో అతనికి మరొకరు చెప్పనక్కరలేదు. ఇంటికి వెళ్ళి అతడే పదిమందికి చెబుతాడు. వర్తకుని మాటను శంకించే మనిషి తన అనుభవాన్ని శంకించడు. అయితే ఉచితంగా ఇచ్చిన మందు పనిచేయకపోతే అపకీర్తి కూడా అంతే వేగంగా పాకుతుంది. తన సరుకుపై తనకు గురి ఉన్నవాడే ఇటువంటి సాహసానికి పూనుకొంటాడు. చేనేతకు పేరుపడిన మా మంగళగిరిలోనూ ఇదే తీరు. చీర కొనవచ్చిన ఇల్లాలు నేతను వేళ్ళతో తడిమి, నిజాం అంచును వెలుతురులో పట్టి చూసిన పిమ్మటనే బేరానికి దిగుతుంది. ఆ చీర నాలుగు ఉతుకులకు నిలిస్తే, కూతురి పెళ్ళికి కూడా ఆ నేతగాని గడపనే వెదుక్కొంటూ వస్తుంది.

అమృతాంజనం తెచ్చిన సంపదను నాగేశ్వరరావు ఏమి చేశారన్నది ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం. 1907లో జరిగిన సూరత్ కాంగ్రెసు సభకు వెళ్ళివచ్చిన పిమ్మట, తెలుగువారికి సొంత పత్రిక ఉండాలని తలచి, 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో దానిని మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. ఈ పత్రికల కార్యాలయం ఎందరో యువ పాత్రికేయులకు, పండితులకు జీతమిచ్చే పాఠశాల అయింది. తాము రాసిన అక్షరం దేశానికి పనికివస్తున్నదన్న తృప్తి వారికి జీతంతోపాటు లభించింది. యజమాని సైతం ఆ ఆశయానికి కట్టుబడినవాడే. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆయన కారాగారానికి వెళ్ళారు.

ప్రాచీన సాహిత్యం చదివే నా వంటివారికి ఆయనపై ఋణం మరొకటి ఉంది. 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పి, వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని ప్రచురించారు. పండితుల ఆదరానికి అంతగా నోచుకోని ఆ ద్విపద కావ్యం ఈ ముద్రణతో తెలుగు పాఠకుల చేతికి వచ్చింది. తలనొప్పి మందు లాభం తాళపత్రాలలోని కవికి ఆయువు పోయడం విచిత్రంగా లేదూ! కొమర్రాజు లక్ష్మణరావు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని కూడా నాగేశ్వరరావు చేపట్టి కొంతవరకు ప్రచురించారు. దేశోద్ధారక, విశ్వదాత అనే బిరుదులు జనం ఆయనకిచ్చినవే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో కళాప్రపూర్ణతో సత్కరించింది.

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. మరుసటి ఏడు ఆయన పేరుపై జనానికి గల విశ్వాసం వర్తకాన్ని దాటి అక్కరకు వచ్చింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడితే తమకు అన్యాయం జరుగుతుందని రాయలసీమ నాయకులు శంకిస్తున్న సమయమది. ఇరుప్రాంతాల నాయకులు 1937 నవంబరు 16న మద్రాసులో ఆయన స్వగృహమైన శ్రీబాగ్‌లో కూడి ఒడంబడిక చేసుకొన్నారు. నదీజలాలలో సీమకు ప్రాధాన్యం, రాజధాని లేక హైకోర్టులలో కోరినదానిని ఎన్నుకొనే హక్కు అందులోని ముఖ్యాంశాలు. 1953లో రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు దక్కింది. హైకోర్టు మా గుంటూరుకు వచ్చింది. ఒకరినొకరు అనుమానించుకొంటున్నవారు కలిసి కూర్చోవడానికి ఇరువురూ నమ్మిన ఇల్లు కావలసివచ్చింది.

ఆ రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ సంస్థల బాధ్యత స్వీకరించారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. ఆ నష్టం తెలుగు పాఠకులది. అమృతాంజనం మాత్రం నేటికీ అంగళ్ళలో దొరుకుతున్నది. వేసవి మొదట్లో మా ప్రాంతపు మిరప కళ్ళాల దగ్గర కాయల తొడిమలు తీసే స్త్రీలలో ఎవరో ఒకరి రొంటిన ఆ చిన్న సీసా ఉంటుంది. దానిని తయారుచేసిన వారి పేరు ఆమెకు తెలియకపోవచ్చు. పొద్దువాలాక తల దిమ్మెక్కినప్పుడు మూత తీసి, తాను రాసుకొని, పక్కనున్న ఆమెకు అందిస్తుంది.