ఆ పాట కట్టింది మనవారే

పోయిన నెల ఎనిమిదో తరగతిలో చిన్న గొడవ జరిగింది. భోజనాల వేళ ఒక అబ్బాయి ‘హాయి హాయిగా’ అంటూ కూనిరాగం తీస్తున్నాడు. పక్కవాళ్లు అది పాత హిందీ పాట అనీ, తెలుగువాళ్లు కాపీ కొట్టారనీ ఏడిపించారట. వాడికి ఆ పాట నేర్పింది నాయనమ్మ. తాతగారు ఇక్కడ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లో ఆ పాట రెండు భాషల్లోనూ వినిపిస్తుంది. ఏది ముందో ఏది వెనకో వాడికి తెలియదు. ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చాడు. వాడికి చెప్పిన కథే ఇది.

పెనుపాత్రుని ఆదినారాయణరావు గారు 1914లో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు కాకినాడలో నాటకాలే ఆయన లోకం. అక్కడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సమాజం ఉండేది. మన ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు గారు కూడా అందులో వేషాలు వేసినవారే. ఆదినారాయణరావు గారు నాటకాలు రాసేవారు, వాటికి బాణీలూ కట్టేవారు. పెద్దాపురానికి చెందిన ఒక చిన్నపిల్ల ఆ నాటకాల్లో ఆడిపాడేది. ఆమే తర్వాత అంజలీదేవి గారయ్యారు. వారిద్దరూ పెళ్లి చేసుకుని మద్రాసు చేరారు. అంజలీ పిక్చర్స్ పేరుతో సొంతంగా సినిమాలు తీశారు. 1955లో వచ్చిన ‘అనార్కలి’ పాటలు మీ అమ్మమ్మలకు ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటాయి, అడిగి చూడండి.

1957లో ‘సువర్ణసుందరి’ తీశారు. అందులోదే ఆ పాట. రాసింది సముద్రాల రాఘవాచార్య, పాడింది ఘంటసాల, జిక్కి. సినిమా బాగా ఆడింది. దాన్నే తమిళంలోనూ హిందీలోనూ తీశారు. హిందీలో కూడా నాయికా నాయకులు అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు గార్లే. సంగీతం కూడా ఆయనదే. భరత్ వ్యాస్ కొత్తగా మాటలు రాశారు. మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. మన ‘హాయి హాయిగా’ అక్కడ ‘కుహూ కుహూ’ అయింది. అంటే కాపీ ఎవరూ కొట్టలేదు. ఆయన పాటను ఆయనే ఇంకో భాషలోకి తీసుకెళ్లారు.

హిందీ పాటలో నాలుగు రాగాలున్నాయి: సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్. సోహిని మన హంసానందికి దగ్గరి చుట్టం, యమన్ మన కళ్యాణికి. ఒక రాగం నుంచి ఇంకో రాగంలోకి దిగేటప్పుడు ఎక్కడా కుదుపు ఉండదు, మన స్టేషన్‌లో బండి నెమ్మదిగా పట్టా మారినట్టే. నడుమ స్వరాలు వస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. సరిగమలకు తెలుగని, హిందీ అని లేదు కదా!

రఫీ, లత అంటే దేశమంతా చెబుతుంది. బాణీ కట్టినాయన పేరు అడిగితే తెలుగువాళ్లలో కూడా చాలామంది తడుముకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఆ తర్వాత కూడా ఆయన 1973లో ‘భక్త తుకారాం’, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ వంటి సినిమాలకు సంగీతం ఇచ్చారు. శ్రీశ్రీకి జాతీయ పురస్కారం తెచ్చిన పాటకు బాణీ ఆయనదే. 1991లో కన్నుమూశారు.

ఇదంతా విని మా అబ్బాయి ఇంటికి వెళ్లి నాయనమ్మకు చెప్పాడు. ఇన్నాళ్లూ ఆవిడకు అది అక్కినేని పాటే. ఆ సంగీత దర్శకుడి పేరు తెలుగులో ఒక కాగితం మీద రాసిమ్మందట. వాడు రాసి, తప్పులుంటాయేమోనని ముందు నాకు చూపించాడు. ‘నారాయణ’లో ణ బదులు న రాశాడు. దిద్ది పంపాను.