మారియా మాంటిస్సోరి

మారియా మాంటిస్సోరి (ఆగష్టు 31, 1870 - మే 6, 1952) ఇటలీ దేశానికి చెందిన వైద్యురాలు, విద్యావేత్త. శిశు విద్యలో ఆమె ప్రవేశపెట్టిన మాంటిస్సోరి పద్ధతి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. కౌమార దశలోని బాలబాలికల కొరకు ఆమె రూపొందించిన పాఠశాల ప్రణాళిక మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ ప్రణాళిక ప్రకారం నడిచే పాఠశాలను ఆమె తన జీవితకాలంలో స్వయంగా నెలకొల్పలేకపోయింది.

బాల్యము, విద్యాభ్యాసము

మాంటిస్సోరి ఇటలీలోని కియారవల్లే పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డే విద్యావంతురాలు. 1875లో కుటుంబం రోము నగరంలో స్థిరపడింది. మారియా 13వ యేట సాంకేతిక పాఠశాలలో చేరింది. ఆడపిల్లలు అటువంటి చదువుకు వెళ్ళడం ఆ కాలంలో అరుదు. మొదట ఇంజనీరు కావాలని తలచినా తరువాత వైద్యవిద్య వైపు మొగ్గింది. పురుష విద్యార్థులతో కలిసి శవపరీక్ష నేర్చుకోవడం స్త్రీకి తగదని భావించిన కాలం కావడంతో, ఆ పనిని సాయంవేళల్లో ఒంటరిగా చేయవలసి వచ్చింది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి పట్టా పొంది, ఇటలీలోని తొలి మహిళా వైద్యులలో ఒకరిగా నిలిచింది.

బాలల గృహం

మానసిక వైకల్యం గల పిల్లలకు చికిత్స చేస్తూ, వారికి కావలసింది మందుల కంటే తగిన విద్య అని ఆమె గుర్తించింది. 1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి బాలల గృహం ప్రారంభమైంది. అక్కడి పిల్లలు తమకు నచ్చిన పనిని ఎంచుకొని, ఎవరి బలవంతమూ లేకుండా ఏకాగ్రతతో చేయడం ఆమె సిద్ధాంతానికి పునాది అయింది.

1898లో ఆమెకు మారియో అనే కుమారుడు కలిగాడు. వివాహం కాకుండా కలిగిన బిడ్డ కావడంతో పరుల ఇంట పెరిగాడు. తల్లి రెనిల్డే 1912లో మరణించిన తరువాత, సుమారు 15 ఏళ్ళ వయసులో మారియో ఆమె వద్దకు చేరాడు. చివరి వరకు ఆమె కృషిలో సహచరుడుగా ఉన్నాడు.

కౌమార విద్యా ప్రణాళిక

మానవ వికాసాన్ని మాంటిస్సోరి ఆరేసి సంవత్సరాల నాలుగు దశలుగా విభజించింది. వీటిలో మొదటిదైన శైశవము, మూడవదైన కౌమారము (12-18) తీవ్రమైన మార్పులకు లోనయ్యే దశలని ఆమె అభిప్రాయం. శిశువు కుటుంబంలోకి ఎట్లా అడుగు పెడుతుందో, కౌమార దశలో వ్యక్తి సమాజంలోకి అట్లా కొత్తగా అడుగు పెడతాడు. శరీరం వేగంగా పెరిగే ఈ వయసులో మనసు సున్నితంగా ఉంటుంది, ఆత్మగౌరవం సులభంగా దెబ్బతింటుంది. గంటగంటకూ ఉపాధ్యాయుడూ, పాఠ్యాంశమూ మారిపోతూ పరీక్షల చుట్టూ తిరిగే ఉన్నత పాఠశాల ఈ అవసరాలను గుర్తించడం లేదని ఆమె విమర్శించింది.

దీనికి ప్రత్యామ్నాయంగా 1930లలో ఆమె సూచించిన పాఠశాలకు జర్మన్ భాషలో భూమి బిడ్డలు అనే అర్థం వచ్చే ఎర్డ్‌కిండర్ అని పేరు. దానిలోని ముఖ్యాంశాలు:

* విద్యార్థులు కొంతకాలం ఇంటికి దూరంగా, పల్లె వాతావరణంలోని వసతి గృహంలో నివసించాలి.
* పొలం పనులు చేయాలి. నేల, నీరు, పంటలతో పనిచేస్తూ రసాయన, జీవ శాస్త్రాలనూ, నాగరికతల చరిత్రనూ నేర్చుకోవాలి.
* పంటలను, చేతి వస్తువులను అమ్మే దుకాణాన్నీ, తల్లిదండ్రులు వచ్చి ఉండే అతిథి గృహాన్నీ నడపడంలో పాల్గొనాలి.
* యంత్రాలను విడదీసి, బిగించి, బాగుచేయడం నేర్చుకోవాలి.
* సంగీతం, చిత్రకళ, భాషలు, గణితం తప్పక ఉండాలి.

పిల్లలను రైతులుగానో, వర్తకులుగానో తయారు చేయడం దీని ఉద్దేశం కాదు. తన శ్రమకు విలువ ఉందని, తాను సమాజానికి అవసరమని తెలుసుకోవడం వలన ఆత్మవిశ్వాసం కలుగుతుందని ఆమె భావన. ఈ వ్యాసాలు 1948లో ఫ్రెంచి భాషలో పుస్తకంగా వెలువడ్డాయి.

భారతదేశంలో

ఫాసిస్టు ప్రభుత్వంతో విభేదించి 1934లో ఇటలీని, అంతర్యుద్ధం కారణంగా 1936లో స్పెయిన్‌ను విడిచి నెదర్లాండ్స్ చేరింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై కుమారునితో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించింది. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె కదలికలపై ఆంక్షలు విధించింది. ఆమె 70వ జన్మదినం నాటికి మారియోను విడుదల చేశారు. తరువాత కొడైకెనాల్‌లో కొంతకాలం నివసించి, 1946లో ఐరోపాకు తిరిగి వెళ్ళింది. ఈ కాలంలో వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు.

1937లో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యకు, ఆమె ప్రణాళికకు పోలికలు ఉన్నాయి. రెండింటిలోనూ చేతిపని కేంద్రంగా ఉంటుంది. అయితే గాంధీజీ పథకం 7-14 సంవత్సరాల వయసు వారికి ఉద్దేశించినది.

ప్రభావము, విమర్శ

1949 నుండి వరుసగా మూడు సంవత్సరాలు ఆమె పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించబడింది. 1952లో నెదర్లాండ్స్‌లోని నూర్డ్‌వేక్‌లో మరణించగా, అక్కడనే సమాధి చేశారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో హంట్స్‌బర్గ్ వద్ద 2000లో ప్రారంభమైన హెర్షీ మాంటిస్సోరి వ్యవసాయ పాఠశాల ఆమె ప్రణాళికను ఆచరణలో పెట్టిన వాటిలో పేర్కొనదగినది.

భూమి, వసతి గృహాలకు అయ్యే ఖర్చు వలన ఇటువంటి పాఠశాలలు సంపన్నులకే పరిమితమవుతాయన్న విమర్శ ఉంది. ప్రభుత్వ పరీక్షల ఒత్తిడి మరొక ఆటంకం. అందువలన అనేక మాంటిస్సోరి పాఠశాలలు ప్రాథమిక స్థాయితోనే ఆగిపోతాయి. ఆమె అత్యంత సున్నితమైనదిగా భావించిన వయసుకు చేరగానే, ఆ పిల్లలు సాధారణ ఉన్నత పాఠశాలలకే వెళ్ళవలసి వస్తుంది.