నేల ఋణం తీర్చిన శాస్త్రజ్ఞుడు – ఆల్బర్ట్ హోవార్డ్

చెత్తను, పేడను పొరలు పొరలుగా పేర్చి కంపోస్టు ఎరువు చేసే పద్ధతికి వ్యవసాయ గ్రంథాలలో 'ఇండోర్ పద్ధతి' అని పేరు. ఆ పేరు ఇండోర్ నగరానిదే అయినా, దాని వెనుక ఉన్న కృషి ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఆంగ్లేయునిది. భారతీయ రైతుకు వ్యవసాయం నేర్పడానికి వచ్చి, ఆ రైతు వద్దనే శిష్యరికం చేసిన అరుదైన శాస్త్రజ్ఞుడాయన.

హోవార్డ్ 1873 డిసెంబరు 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, బిషప్స్ కాసిల్ అనే చోట ఒక రైతు కుటుంబంలో జన్మించారు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లోను, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోను విద్యాభ్యాసం చేశారు. 1899లో వెస్టిండీస్ దీవులకు వెళ్లి, అక్కడి వ్యవసాయ శాఖలో పైరుకు సోకే బూజు తెగుళ్లను పరిశీలించే ఉద్యోగంలో చేరారు. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని తెగులును గుర్తించడం, దానికి మందు సూచించడం ఆయన పని. అయితే ఆ సలహా ఫలిస్తుందో లేదో స్వయంగా పరీక్షించుకోవడానికి ఆయన చేతిలో సెంటు భూమి కూడా లేదు. తాను సాగు చేయని పంటకు తాను వైద్యం చెప్పడంలో ఉన్న లోపం ఆయనను ఆనాటి నుండే కలతపెట్టింది.

1905లో భారత ప్రభుత్వం ఆయనను బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయంలో వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించింది. గోధుమ వంగడాలను మెరుగుపరచడం ఆయనకు అప్పగించిన ముఖ్య కార్యం. ఆ కృషి నుండి వెలువడిన పూసా 4, పూసా 12 రకాలు మంచి పేరు తెచ్చుకున్నాయి. ఈ పని సాగుతుండగానే ఆయన దృష్టి పరిశోధనాలయం గోడల అవతలికి మళ్లింది. చుట్టుపక్కల గ్రామాల రైతులు పురుగుమందు ఎరుగరు, కృత్రిమ ఎరువు ఎరుగరు. అయినా వారి పైరు ఆరోగ్యంగా ఉండేది. హోవార్డ్ ఆ రైతులను, పైరును ఆశించే పురుగులను, తెగుళ్లను సైతం తన గురువులుగా భావించారు. పురుగు వచ్చిందంటే నేలలోనో, నీటి నిర్వహణలోనో, విత్తనం ఎంపికలోనో ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం. పురుగును చంపే ముందు ఆ పొరపాటును వెదకాలని ఆయన నిశ్చయించుకున్నారు.

పూసాలో తన స్వంత ఆలోచన ప్రకారం సాగు చేసుకోవడానికి ఆయనకు సుమారు 75 ఎకరాల నేల లభించింది. దుక్కికి ఆరు జతల ఎద్దులను తెచ్చుకున్నారు. వాటిని తన పొలంలోనే పండిన పచ్చిమేతతో, దాణాతో పోషించారు. ఏ టీకాలూ వేయించలేదు. పక్క పొలాల పశువులకు గాలికుంటు వ్యాధి సోకినపుడు, కంచె మీదుగా ఆ రోగిష్ఠి పశువులు తన ఎద్దుల మూతికి మూతి ఆనించడం ఆయన స్వయంగా చూశారు. తన ఎద్దులకు మాత్రం వ్యాధి రాలేదు. సారవంతమైన నేల మంచి మేతను ఇస్తుంది, మంచి మేత పశువుకు రోగాన్ని తట్టుకునే శక్తినిస్తుంది అనే విశ్వాసం అక్కడ ఆయన మనస్సులో స్థిరపడింది. ఒక్క మందలో చూసిన దానిని సార్వత్రిక నియమంగా గ్రహించడం తొందరపాటని తోటి శాస్త్రజ్ఞులు భావించారు. నేటి పశువైద్యం కూడా గాలికుంటుకు టీకాయే రక్షణ అని చెబుతుంది. అయినా నేలను, మేతను, పశువును ఒకే గొలుసుగా చూసిన ఆయన దృష్టి మాత్రం నిలిచిపోయింది.

ఆయన పరిశోధనలో సగభాగం భార్య గాబ్రియేల్‌ది. ఆమె స్వయంగా వృక్షశాస్త్రజ్ఞురాలు. 1905లో వివాహమైన నాటి నుండి ఇద్దరూ కలసి పనిచేశారు, కలసి గ్రంథాలు వ్రాశారు. ఆమెకు 1913లో కైసర్-ఇ-హింద్ స్వర్ణ పతకం లభించింది. వర్షాభావ ప్రాంతమైన క్వెట్టాలో, అంటే నేటి పాకిస్తాన్‌లో, ఈ దంపతులు నీటి పొదుపుపై చేసిన ప్రయోగాలు మెట్ట రైతులకు నేటికీ గమనింపదగినవి. అక్కడ గోధుమకు పలుమార్లు నీరు పెట్టడం వాడుక. విత్తే ముందు నేలను బాగా తడిపి, ఆ తేమ ఆవిరైపోకుండా కాపాడుకుంటే చాలా తక్కువ నీటితోనే మంచి పంట తీయవచ్చునని వారు నిరూపించారు. అదనపు నీరు పైరుకు మేలు చేయకపోగా నేలలోని గాలిని వెడలగొట్టి వేరుకు ఊపిరాడనీయదని కూడా వారు గ్రహించారు. నీరు, గాలి రెండూ సమపాళ్లలో ఉన్న నేలయే బ్రతికిన నేల అన్నది వారి నిర్ణయం.

పూసాలో శాఖలకు శాఖలకు మధ్య గోడలుండేవి. తెగుళ్ల వారు ఒకరు, పురుగుల వారు ఒకరు, ఎరువుల వారు వేరొకరు. పైరును ముక్కలుగా కోసి చూసే ఈ విధానం హోవార్డ్‌కు రుచించలేదు. పంటను విత్తనం మొదలు ఎరువు దాకా ఒకేచోట పరిశీలించగల సంస్థ కావాలని ఆయన కోరుకున్నారు. ఆ కోరిక 1924లో ఇండోర్‌లో నెరవేరింది. హోల్కర్ సంస్థానం ఇచ్చిన 300 ఎకరాలలో స్థాపించిన సంస్థకు ఆయన సంచాలకులయ్యారు.

అది పత్తి పండే నల్లరేగడి నేల. ఎండకాలంలో నెర్రెలు బారుతుంది. వానాకాలంలో నీరు నిలిచి పైరు పసుపుబారుతుంది. హోవార్డ్ మొదట మురుగునీటి సమస్యను చేపట్టారు. పొలం వాలును అనుసరించి లోతు తక్కువ కాలువలు తీయించి, అదనపు వాననీరు మట్టిని కోసుకుపోకుండా నెమ్మదిగా వెళ్లే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఎరువు వైపు మళ్లారు.

అక్కడ అసలు చిక్కు ఎదురయింది. గ్రామంలో వంటచెరకు కరువు. అందువల్ల పేడలో పెద్ద భాగం పిడకలై పొయ్యిలో కాలిపోతుంది. మిగిలిన కొద్ది పేడతో పొలమంతటికీ ఎరువు చాలదు. చైనాలో పల్లెప్రజలు ఏ వ్యర్థాన్నీ పారవేయక శతాబ్దాలుగా నేలకు తిరిగి ఇస్తున్న తీరును అమెరికా శాస్త్రజ్ఞుడు ఎఫ్.హెచ్. కింగ్ 1911లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. హోవార్డ్ ఆ అనుభవాన్ని, భారతీయ రైతు అనుభవాన్ని జోడించారు. రసాయన శాస్త్రజ్ఞుడు యశ్వంత్ వాడ్ ఆయనకు తోడయ్యారు.

వారు రూపొందించిన పద్ధతిలో కొనవలసిన వస్తువు ఏదీ లేదు. కలుపు మొక్కలు, రాలిన ఆకు, చెరకు చెత్త, పత్తి కట్టె, కంది కట్టె సేకరించాలి. గట్టి కట్టెను బండ్లు తిరిగే దారిలో పరచి చక్రాల క్రింద నలగనివ్వాలి. ఈ చెత్తనంతటినీ కలిపి రాత్రివేళ పశువుల క్రింద పరచాలి. కొట్టంలోని మట్టి నేల పశువుల మూత్రాన్ని పీల్చుకుంటుంది. ఆ మట్టిని కొన్ని నెలలకొకసారి త్రవ్వి తీసి, క్రొత్త మట్టి పోయాలి. ఆపైన 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల లోతు తక్కువ గుంటలో చెత్త, మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద, పేడనీళ్లు వరుసగా పేర్చి తడపాలి. కుప్ప వేడెక్కి కుళ్లనారంభిస్తుంది. దానిని రెండు మూడు మార్లు తిరగవేస్తే లోపలికి గాలి ఆడుతుంది. సుమారు మూడు నెలలలో నల్లని, పొడిపొడిగా ఉండే, దుర్వాసన లేని ఎరువు సిద్ధమవుతుంది. వానాకాలంలో గుంటలో నీరు నిలుస్తుంది కనుక నేలమీదనే కుప్పగా వేయాలి. క్వెట్టాలో నేర్చిన నీరు-గాలి పాఠమే ఇక్కడ ఎరువు కుప్పకు అన్వయించింది. కొద్దిపాటి పేడతో ఎన్నో రెట్ల చెత్తను ఎరువుగా మార్చడం ఈ పద్ధతి యొక్క ప్రత్యేకత.

గాబ్రియేల్ 1930లో మరణించారు. ఇరవై ఐదేండ్ల సహచర్యం అలా ముగిసింది. మరుసటి సంవత్సరమే ఇండోర్ పద్ధతిని వివరించే గ్రంథం వెలువడింది, హోవార్డ్ పదవీ విరమణ చేసి స్వదేశానికి వెళ్లారు. ఆ ఏడాదే గాబ్రియేల్ చెల్లెలు లూయీని వివాహమాడారు. 1934లో ఆయనకు సర్ బిరుదం లభించింది.

ఈ పద్ధతి తేయాకు, కాఫీ తోటల ద్వారా భారతదేశం నుండి సింహళానికి, ఆఫ్రికాకు ప్రాకింది. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణపు చెత్తకు అనువుగా, మాటిమాటికీ తిరగవేసే శ్రమ లేకుండా మరొక పద్ధతిని రూపొందించారు. అది 'బెంగళూరు పద్ధతి'గా ప్రసిద్ధి చెందింది. ఇంగ్లండులో ఆర్థర్ హోసియర్ అనే రైతు, చక్రాలపై కదిలే పాలు పితికే పాకను బీడు మీద ఒక చోటి నుండి మరొక చోటికి జరుపుతూ, ఆవుల పేడ, మూత్రం పొలమంతటా పడేటట్లు చేసి నిస్సారమైన గడ్డి నేలలను బాగుచేశాడు. పశువు మేసిన చోటనే నేలకు తిరిగి ఇచ్చే ఈ ఏర్పాటు హోవార్డ్ సిద్ధాంతానికి ప్రత్యక్ష నిదర్శనంగా నిలిచింది.

1940లో ప్రచురితమైన 'యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్' ఆయన జీవితానుభవ సారం. వ్యవసాయ పరిశోధన సాగుతున్న తీరును అందులో తీవ్రంగా విమర్శించారు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులలో పలువురు ఆయనను అంగీకరించలేదు. సారవంతమైన నేలలో తెగులే రాదన్న ఆయన వాదాన్ని నేటి విజ్ఞానం పూర్తిగా సమర్థించదు. బలమైన పైరుకు కూడా కొన్ని తెగుళ్లు సోకుతాయి. అయితే సేంద్రియ పదార్థం గల నేల వాననీటిని ఇముడ్చుకొని నిలుపుకుంటుందని, వేళ్లతో జీవించే బూజులు మొక్కకు పోషకాలను అందిస్తాయని ఆయన నొక్కి చెప్పిన విషయాలు కాలక్రమాన బలపడ్డాయి. అమెరికాలో జె.ఐ. రోడేల్ 1942లో సేంద్రియ సాగు పత్రికను ఆరంభించడానికి ఆయన రచనలే ప్రేరణ.

1947 అక్టోబరు 20న, భారతదేశం స్వతంత్రమైన రెండు నెలలకు, హోవార్డ్ కన్నుమూశారు. సేంద్రియ వ్యవసాయ పితామహుడని ప్రపంచం ఆయనను కీర్తించింది. ఆయన మాత్రం తన విద్యకు మూలం భారతీయ రైతులేనని తన రచనలలో స్పష్టంగా ఒప్పుకున్నారు. తాతల నాటి పెంటదిబ్బను చులకనగా చూసే ఇంటివారికి ఆయన జీవితం ఒక సమాధానం. నేల నుండి తీసుకున్నది పశువు ద్వారా నేలకు తిరిగి చేరాలని ఆ దిబ్బ చెప్పిన మాటనే ఆయన శాస్త్ర భాషలో లోకానికి వినిపించారు.