కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు గారు పసితనంలోనే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పినతండ్రి పోషణలో పెరిగారు. పుస్తకాలకంటె వ్యాయామశాల, కుస్తీ గోదా ఆయన మనస్సును ఆకర్షించాయి. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తాము చదివిన విజయనగరం పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులయ్యారు.

పిమ్మట సర్కస్ సంస్థను నెలకొల్పి దేశమంతటా పర్యటించారు. ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంచడం, భుజాలకు కట్టిన రెండు కార్లను కదలనీయకుండా నిలపడం, రొమ్ముపై ఏనుగును మోయడం వారి ప్రసిద్ధ ప్రదర్శనలు. శాకాహారంతో, ప్రాణాయామ సాధనతో సంపాదించిన బలమది. ఐదవ జార్జి చక్రవర్తి దంపతులు వారిని ‘ఇండియన్ హెర్క్యులెస్’గా సన్మానించారు.

గడించిన ధనాన్ని ఆయన దానధర్మాలకు ధారాళంగా వెచ్చించారు. తుదకు కాలిపుండు ముదిరి, ఏనుగు బరువుకు లొంగని ఆ దేహం ఒక కాలిని కోల్పోయింది. 1942లో ఒరిస్సాలోని బలాంగీరులో పరమపదించారు. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణం ఆయన పేరును, విశాఖ సాగరతీరంలోని విగ్రహం ఆయన రూపును నిలిపాయి.

గరిడీల సంప్రదాయం గల పాత బెంగళూరు పేటలలో పెరిగే తెలుగు బాలబాలికలు స్మరించవలసినది ఏనుగును మోసిన రొమ్మును మాత్రమే కాదు. పాఠశాల మైదానంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఆ ఉపాధ్యాయుని కూడా.