ఆయుధశాలను కూర్చిన నవాబు

ఖాజాగూడ గుట్టల చెంత నేడు ఆకాశాన్నంటే భవనాలు లేచినవి. అక్కడి కార్యాలయాలలో కంప్యూటర్ల ముందు కూర్చుండే యువకులలో ప్రాచీనాయుధాల మీద మక్కువ గలవారు కొందరు లేకపోలేదు. జావా ద్వీపపు క్రిస్సు, బర్మావారి ధా, ఫిలిప్పైన్సువారి కంపిలాన్, బోర్నియో ద్వీపపు మందౌ మొదలైన ఆగ్నేయాసియా ఖడ్గాలను సంపాదించాలని వారి కోరిక. పాతదాన్ని వెదకి కొనుట మేలా, నిపుణుడైన కమ్మరిచేత క్రొత్తగా చేయించుకొనుట మేలా అనేది వారి సందేహం. గోడకు తగిలించే బొమ్మ కత్తి వద్దు, పనికివచ్చే కత్తి కావాలంటారు. అటువంటివారు అంగడికి పోవడానికి ముందు మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగు మ్యూజియానికి ఒకసారి పోవడం మంచిది. ఆయుధాన్ని చూచే కన్ను అక్కడ అలవడుతుంది. ఆ ఆయుధశాలను కూర్చిన మనిషి జీవితం కూడా తెలుసుకోదగినదే.

నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించినారు. నెల తిరగకముందే, జులై 7వ తేదీన, తండ్రి రెండవ సాలార్‌జంగు మీర్ లాయక్ అలీఖాన్ కాలం చేసినారు. తాతగారైన మొదటి సాలార్‌జంగు మీర్ తురాబ్ అలీఖాన్ అంతకు ఆరేండ్ల క్రితమే, 1883లో గతించినారు. 1853 మొదలు ముప్పదియేండ్లు హైదరాబాదు దివానుగిరీ నెరపి, దివాళా తీసిన ఖజానాను నిలబెట్టిన మహామంత్రి ఆయన. ఇంతటి వంశానికి మిగిలిన మొలక ఒక పసికందు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ శిశువు సంరక్షణకు తగిన ఏర్పాట్లు చేయించినారు. బాలుడు పెరిగి పెద్దవాడై నిజాం కళాశాలలో చదివినాడు.

1911లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సింహాసనమెక్కినారు. ఆ మరుసటి ఏడు యూసుఫ్ అలీఖాన్ దివాను అయినారు. అప్పటికి వయస్సు ఇరువదిమూడు. తాత కూర్చున్న పీఠం, తండ్రి కొద్దికాలం కూర్చున్న పీఠం మనుమనికి దక్కినది. కాని ఆ పదవి రెండేండ్లకు మించి నిలువలేదు. 1914లో రాజీనామా ఇచ్చి తప్పుకొన్నారు. ఆ తరువాత నిజాం స్వయంగా పరిపాలన చూచుకొన్నారు. ఇరువదియైదేండ్లకే రాజకీయం ముగిసిన యువకుడు, సొంత జాగీర్ల రాబడి చేతినిండా ఉన్నవాడు, విలాసాలలో మునిగి కాలం వెళ్ళబుచ్చితే ఆశ్చర్యపడేవారు కారు. ఈయన మాత్రం తక్కిన ముప్పదియైదేండ్లూ వస్తువుల వేటలో గడిపినారు.

బీజం ఇంటిలోనే ఉన్నది. తాతగారు 1876లో రోమునగరం పోయినప్పుడు కొనితెచ్చిన మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం దివాన్ దేవిడీలో ఉండనే ఉన్నది. మనుమడు దానికి వందలు, వేలు చేర్చినారు. యూరపు యాత్రలలో స్వయంగా కొన్నారు. దేశదేశాల వర్తకులు ఆయన గుమ్మం ఎరిగినవారే. చిత్రాలు, పింగాణి, తివాచీలు, గడియారాలు, వ్రాతప్రతులు, పిల్లల ఆటబొమ్మలు సైతం వచ్చిపడినవి. అందులో అపురూపమైనవి ఉన్నవి, సాధారణమైనవీ ఉన్నవి. కళావిమర్శకులు ఈ కలగలుపును ఆక్షేపించినారు. ఆక్షేపణ న్యాయమే. అయితే ఆరితేరిన కొనుగోలుదారు ఏరుకొని తీసికొంటాడు, ప్రేమించినవాడు అంతా ఇంటికి తెస్తాడు. నవాబుగారు రెండవ కోవకు చెందినవారని తోస్తుంది.

ఆయుధాల విషయంలో మాత్రం ఆయన సేకరణ గట్టిది. ఔరంగజేబు, మహమ్మద్ షా, బహదూర్ షా, టిప్పు సుల్తానుల పేర్లతో చూపే ఖడ్గాలు ఈ సేకరణలో ఉన్నవి. పచ్చరాతి వస్తువులలో జహంగీరు బాకు, నూర్జహాను పండ్లుకోసే కత్తి ప్రసిద్ధమైనవి. తూర్పుదేశాల వస్తువులలో జపాను సమురాయి ఖడ్గాలు కనబడతవి. ఒకే ప్రాంగణంలో మన ఖడ్గాన్నీ జపాను ఖడ్గాన్నీ చూచినవారికి పిడి, అలుగు, ఒంపులలో దేశానికీ దేశానికీ గల భేదం బోధపడుతుంది.

ఖడ్గం విలువ పిడిమీది రత్నాలలో లేదు, అలుగులో ఉన్నది. ఈ సంగతి తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కు కోసం ఇరాను వర్తకులు అంతదూరం నుండి వచ్చేవారు. పాశ్చాత్యులు ఊట్జ్ అని వ్యవహరించిన ఉక్కు ఈ జాతిదే. దానితో సాగగొట్టిన కత్తులే డమాస్కసు కత్తులుగా పేరుకెక్కినవి. వాటి మీద కనిపించే నీటి అలలవంటి చారలు లోహంలోనే పుట్టినవి, పైన గీసినవి కావు. జావా క్రిస్సు సంగతి కొంత వేరు. అక్కడి కమ్మరి ఇనుమును, నికెలు కలిసిన ఇనుమును పొరలు పొరలుగా మడిచి కొట్టుతాడు. ఆ పొరల చిత్రణకు పామోరు అని పేరు. ప్రాంబనాను దగ్గర దొరికిన ఉల్కాశిల లోహాన్ని కొన్ని క్రిస్సులలో వాడినారు. అలుగు మొదట ఒక ప్రక్కకు వెడల్పై, కొన్నింటిలో తిన్నగాను కొన్నింటిలో పామువలె వంకరలుగాను సాగుతుంది. వంకరలుంటే బేసిసంఖ్యలో ఉండవలెనని వారి నియమం. ఏటేట నిమ్మరసంతో తోమి, పాషాణం పూసి పామోరు తేటపరుస్తారు. అందుచేత పాత క్రిస్సును ఉత్తచేతులతో తడుముట క్షేమం కాదు.

పనికివచ్చే కత్తిని గుర్తించే చోటు మరొకటి కలదు. అది అలుగు పిడిలోనికి దూరే తోక. మన తల్వారులలో ఆ తోకను లక్కవంటి జిగురుతో పిడిలో బిగిస్తారు. బర్మా, సయాము ధాలలోనూ ఇట్టి పద్ధతి కద్దు. క్రిస్సులోనైతే గుడ్డపేలిక చుట్టి పిడిలో దిగవేస్తారు. ఏండ్లు గడచిన కొలది లక్క పెళుసెక్కుతుంది, గుడ్డ చివుకుతుంది. చూపులకు నిగనిగలాడే పాతకత్తి విసిరితే అలుగు ఒకచోట, పిడి ఒకచోట పడగలదు. కనుక పనిచేసే కత్తి కోరేవారికి క్రొత్తగా చేయించుకొనుటే మేలని మా అభిప్రాయం. పాతదాన్ని చరిత్ర కోసమే కొనవలెను, చరిత్ర తెలిసినదైతేనే కొనవలెను.

చరిత్ర చీటీ ఊడిపోతే ఎంతటి ఆయుధమైనా ఏమవుతుందో జావా రాకుమారుడు దిపొనెగొరో క్రిస్సు చెబుతుంది. 1825 మొదలు ఐదేండ్లు డచ్చివారితో పోరాడిన ఆ వీరుని 1830లో సంప్రదింపులకని పిలిచి నిర్బంధించినారు. ప్రవాసంలోనే 1855లో మకస్సారులో ఆయన మరణించినాడు. ఆయన క్రిస్సు 1831లో హాలండు రాజుకు చేరినది. తరువాత ఒక సంగ్రహం నుండి మరొక సంగ్రహానికి మారుతూ అనేక క్రిస్సుల నడుమ అనామకమై పడియున్నది. పాత ఉత్తరాలు గాలించి లైడెను మ్యూజియంలో దాన్ని పోల్చుకొని, 2020లో ఇండోనీషియాకు తిరిగి ఇచ్చినారు. ఆ ఆయుధం దొంగిలబడలేదు, విరగలేదు. ఎవరిదో చెప్పగలిగే కాగితం మాత్రం దాని ప్రక్కన లేకపోయినది.

సాలార్‌జంగు సంగ్రహానికీ ఇట్టి గండం తప్పినది కాదు. నవాబుగారు అవివాహితులు. 1949 మార్చి 2వ తేదీన కన్నుమూసేనాటికి ముందటి ఏటి సెప్టెంబరు పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసియున్నది. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. పలు భవనాలలో చెల్లాచెదరుగా ఉన్న వేలకొలది వస్తువులకు యజమాని లేడు, బిడ్డలు లేరు, పోషించే రాబడి లేదు. బంధువులు పంచుకొంటే ఒక్కొక్క ఖడ్గం ఒక్కొక్క దేశం పోయి ఉండేది.

అప్పుడు రాష్ట్ర పాలనాధికారి ఎం. కె. వెల్లోడి ఈ వస్తువులతో మ్యూజియం నెలకొల్పదలచి, వాటిని క్రమంలో అమర్చే పనిని డాక్టర్ జేమ్స్ కజిన్సుకు అప్పగించినారు. ఐర్లండు కవియైన ఈ కజిన్సు మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పూర్వం పనిచేసినవారే. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలోనే పండిత నెహ్రూ మ్యూజియానికి ప్రారంభోత్సవం చేసినారు. ఇంతటితో హక్కుల తగవు తీరలేదు. 1958లో ఉన్నతన్యాయస్థానం ద్వారా రాజీ కుదిరి వారసులు సంగ్రహాన్ని భారత ప్రభుత్వానికి ఇచ్చివేసినారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించినది. 1968లో వస్తువులు నేటి భవనానికి చేరినవి.

ఇప్పుడక్కడ నలుబదివేలకు పైగా కళావస్తువులు ఉన్నవి. నూరేండ్లు దాటిన పురావస్తువును దేశం దాటించి అమ్ముకొనుట 1972 నాటి చట్టం వల్ల సాధ్యం కాదు. నవాబుగారి కాలంలో ఈ చట్టం లేదు. ఆయన కొని ఉంచకపోతే ఆ ఖడ్గాలలో ఎన్ని ఈ నేల మీద మిగిలేవో ఊహించవచ్చు.

విహారానికి పిల్లలను తీసికొనిపోయే ఉపాధ్యాయులకు ఒక మాట. అందరూ గంటకొట్టే బొమ్మ గడియారం ముందు గుమిగూడుతారు. ఆ సమయంలో ఆయుధాల గది ఇంచుమించు ఖాళీగా ఉంటుంది. తీరికగా నిలిచి అలుగుల మీది చారలు చూపడానికి అదే అదను.